బిడ్డ మనది, పోషణ యెవరిది?

తడ రైలుస్టేషనులో దిగి సత్యవేడు బాట పట్టినవారికి శ్రీసిటీ కర్మాగారముల వరుస కానవచ్చును. 2008లో ఆరంభమైన యీ పారిశ్రామికనగరము నాడు చిత్తూరు, నెల్లూరు జిల్లాల పొలిమేరమీద నుండెను; 2022లో జిల్లాల పునర్విభజన జరిగిన పిమ్మట తిరుపతి జిల్లాలో చేరినది. ఇచ్చట ఇసుజు మోటారుబండ్లు తయారగుచున్నవి. ఇచ్చటి ఆల్‌స్టామ్ కర్మాగారమున తయారైన మెట్రో రైలుపెట్టెలు సముద్రము దాటిపోయి, 2019 నుండి ఆస్ట్రేలియాలోని సిడ్నీ నగరవాసులను మోయుచున్నవి. మన యువకుల చేతిపని అంత దూరదేశమున మన్నన గాంచుట మనకెల్లరకు గర్వకారణమే.

అయితే తెలుగుదేశమునుండి సముద్రము దాటిపోవుచుండినది మరియొకటి కలదు. అది బీదబిడ్డల ఛాయాపటము. పటము క్రింద పేరు, వయస్సు, తండ్రి వృత్తి, ఒక సంఖ్య. సిడ్నీలోనో, అమెరికాలోని యే చిన్నపట్టణములోనో ఒక గృహిణి ఆ పటమును చేతబట్టుకొని, ఈ బిడ్డ చదువునకును తిండికిని నెలనెల ఇంత సొమ్ము పంపుదునని మాట యిచ్చును. సొమ్ము ధర్మసంస్థకు పోవును. సంస్థనుండి ఊరిలోని కేంద్రమునకు వచ్చును. బిడ్డ తెలుగులో జాబు వ్రాయును. కేంద్రములోని యుద్యోగి దానిని ఇంగ్లీషు చేయును. క్రిస్మసు పండుగకు బిడ్డకు కొత్తబట్టలు వచ్చును. దీనినే మనవారు స్పాన్సరు అనుచున్నారు. పల్లెలలో "మావానికి స్పాన్సరు వచ్చినాడు" అను మాట ఉద్యోగము వచ్చినదన్నంత సంతోషముతో చెప్పుకొనబడుచుండెను.

ఒక చేత రైలుపెట్టెలను, మరియొక చేత బిడ్డల పటములను విదేశమునకు పంపిన దేశము తన్నుగూర్చి తా నేమని తలంచుకొనవలెను? ఈ ప్రశ్న మతవివాదములో చిక్కుకొని మరుగుపడుచున్నది. దానిని విడదీసి చూచుట మా విధి యని తలంచి యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

ఈ పద్ధతి నిన్న మొన్నటిది కాదు. శ్రీసిటీకి ఉత్తరమున, అదే రహదారిమీద నున్న సూళ్లూరుపేటకు 1865లోనే జర్మనీ దేశపు హెర్మన్స్‌బర్గు మిషనువారు వచ్చి చేరిరి. నేడు తిరుపతి కేంద్రముగా నున్న దక్షిణాంధ్ర లూథరను సంఘము వారి వారసత్వమే. ఉత్తరార్కాటు సీమలో అమెరికా ఆర్కాటు మిషనువారు 1853 నుండి పనిచేసిరి. మదనపల్లెకడ ఆరోగ్యవరము క్షయరోగాశ్రమమును 1915లో తెరచినదియు మిషనులే. 1876–78 నాటి గొప్పకరవువంటి యాపదలలో తలిదండ్రులను పోగొట్టుకొన్న పసివారిని మిషనులు చేరదీసి, ఒక యనాథ యేడాది పోషణకు ఇంత యగునని స్వదేశములోని సంఘములకు వ్రాసి సొమ్ము తెప్పించిరి. నేటి స్పాన్సరు పద్ధతికి బీజ మక్కడనే యున్నది.

ఇరువదవ శతాబ్దమున యుద్ధములు ఆ బీజమును మహావృక్షము చేసినవి. 1937లో స్పెయినుదేశపు అంతర్యుద్ధములో దిక్కులేనివారైన పిల్లలకొరకు ఇంగ్లీషు పాత్రికేయుడు జాన్ లాంగ్డన్ డేవీసు పెంపుడు తలిదండ్రుల పథక మారంభించెను. 1938లో చైనా పిల్లలకొరకు అమెరికాలోని రిచ్‌మండు నగరమున ఒక నిధి వెలసెను. 1950లో వరల్డ్ విజన్ పుట్టెను. 1952లో ఎవరెట్ స్వాన్సను అను అమెరికా బోధకుడు కొరియా యుద్ధభూమిలో వీధులపాలైన యనాథలను చూచి చలించి, స్వదేశమునకు పోయి ఒక సంస్థను నెలకొల్పెను. అదియే పిదప కంపాషన్ ఇంటర్నేషనల్ అయినది. ఆ సంస్థ 1968లో మన దేశమునకు వచ్చి, తెలుగుదేశమునందును పనిచేసెను.

ఈ దానమువలన మేలు కలిగినదా? కలిగినదనియే నిష్పక్షపాతముగా చెప్పవలెను. బ్రూస్ వైడిక్ అను ఆర్థికశాస్త్రజ్ఞుడును, ఆయన సహచరులిద్దరును మన దేశముతో కూడ ఆరు దేశములలో 10,144 మందిని విచారించి 2013లో ఒక పరిశోధన ప్రకటించిరి. కంపాషన్ సంస్థ పోషణలో పెరిగిన పిల్లలు తక్కినవారికంటె సుమా రొక యేడాదినుండి యేడాదిన్నరవరకు ఎక్కువ చదివిరని వారు తేల్చిరి. సెకండరీ చదువు ముగించినవారి సంఖ్యయు గణనీయముగా హెచ్చినది. పెద్దవారైన పిదప మంచి యుద్యోగములలో కుదురుకొన్నవారును ఎక్కువే. కూలివాని బిడ్డకు ఒక యేడాది చదువనగా నేమో, ఆ యేడాది లేక బడి మానినవానినే యడుగవలెను.

మేలుతోపాటు కీడును కలదు. పటములో నున్న బిడ్డకు బట్టలు వచ్చును. అదే యింటిలో పటమునకెక్కని చెల్లెలికి రావు. బిడ్డ దైన్యము ఎంత బాగుగ పటములో కానవచ్చిన అంత సొమ్ము వచ్చునను వ్యాపారబుద్ధి కొన్నిచోట్ల తలయెత్తినది. 1998లో చికాగో ట్రిబ్యూను పత్రికవారు తామే పన్నెండుగురు పిల్లలకు పోషకులుగా చేరి, వెదకికొని పోయి చూచిరి. వారిలో ఆఫ్రికాలోని యొక బాలిక మరణించిన తరువాతగూడ ఆమె క్షేమముగ నున్నట్లే పోషకురాలికి సమాచార మందుచుండెనని బయటపడెను. ఎక్కడివారో పంపు సొమ్ము ఎక్కడనో వ్యయమగునప్పుడు నడుమ లెక్క యడుగువాడు లేకున్న నిట్లే జరుగును. ఇది యొక మతమునకు పరిమితమైన దోషము కాదు. దూరపు దానమునకు సహజమైన దోషము.

ఇక మతప్రశ్న. కంపాషన్ వంటి సంస్థలు చర్చిల ద్వారముననే పనిచేయును. బిడ్డలకు బైబిలు కథలు చెప్పుదుమని దాచక చెప్పును. ఆకలిగొన్న పసివాని యెదుట అన్నమును, ఉపదేశమును ఒకే పళ్లెములో పెట్టుట ధర్మమా యని మన దేశమున చాలమంది యడుగుచున్నారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. మన రాజ్యాంగము 25వ అధికరణమున మతమును ప్రచారముచేయు హక్కు నిచ్చినది. 28వ అధికరణమున, ప్రభుత్వగుర్తింపుగాని సహాయముగాని పొందిన విద్యాలయములలో సంరక్షకుల సమ్మతి లేనిదే మైనరు బిడ్డను మతబోధకు కూర్చుండ బెట్టరాదని శాసించినది. మా మతమున ఈ రెండవ నియమము బడులకే గాక, బిడ్డకు అన్నము పెట్టు ప్రతి సంస్థకును ధర్మముగా చెల్లవలెను. అది చర్చి యైనను సరే, మఠమైనను సరే, దేవాలయమైనను సరే.

ప్రభుత్వము చేసిన దేమి? విదేశీ విరాళముల నియంత్రణ చట్టము మొదట 1976లో, అత్యవసరస్థితి కాలమున వచ్చినది. 2010లో దాని స్థానమున కొత్తచట్టము వచ్చెను. 2020లో అది మరింత బిగింపబడెను. ఒక సంస్థకు వచ్చిన విరాళమును మరియొక సంస్థకు పంచరాదనియు, కార్యాలయవ్యయము నూటికి ఇరువదికి మించరాదనియు, సొమ్మంతయు ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ముఖ్యశాఖలోనే దిగవలెననియు నియమించిరి. 2016లో కంపాషన్ సంస్థ పంపు ప్రతి మొత్తమునకును హోంమంత్రిశాఖ ముందనుమతి కావలెనని ఉత్తరువయ్యెను. ఆ సొమ్ము మతాంతరీకరణకు వినియోగపడుచున్నదని యారోపణ. సంస్థ దానిని నిరాకరించెను. తుదకు 2017 మార్చి 15న ఆ సంస్థ మన దేశమున తన పనిని ముగించెను. 589 కేంద్రములు మూతపడినవి. 1,45,000 మంది పిల్లలకు పోషణ యాగిపోయినది. 2024 జనవరిలో వరల్డ్ విజన్ ఇండియా సంస్థ నమోదును ప్రభుత్వము రద్దుచేసెను.

విదేశమునుండి వచ్చు సొమ్మునకు లెక్కలడుగు హక్కు స్వతంత్రప్రభుత్వమునకు లేదని మేమనము. స్వాతంత్ర్యము కోరిన జాతి తన గడపలోనికి వచ్చు దేనినైనను పరీక్షించి లోనికి రానీయవలసినదే. తప్పు చేసిన సంస్థను నిలిపివేయుటయు ప్రభుత్వమునకు చెల్లును. కాని యిట్లు నిలుపునప్పుడు ఒక ప్రశ్నకు సమాధానము చెప్పవలసియున్నది. ఆ 1,45,000 మంది బిడ్డల పేర్లు కేంద్రముల దస్త్రములలో నుండెనుగదా. వారిలో ఒక్కొక్కరి భారమును మార్చి 16వ తేదీ ఉదయమున ఎవరు వహించిరి? తలుపు మూసిన చేయి బిడ్డ నెత్తుకొనవలెను. బిడ్డ నెత్తుకొనక తలుపుమాత్రము మూసిన, అది దేశాభిమానము కాదు. దేశాభిమానము పేర చేసిన యుపేక్ష.

ఈ మాట ఒక్క ప్రభుత్వమునుద్దేశించి చెప్పుట సులభము. మనమేమి చేసితిమి? ఆ కేంద్రములు మూతపడినప్పుడు సంతోషించినవారిలో ఎందరు ఒక బిడ్డ యింటికి పోయి, రేపటినుండి నీ బడిపుస్తకములు మావి యని చెప్పిరి? విచారించినవారిలో నైనను ఎందరు పోయిరి? పఠనమందిరములలో ఇరుపక్షముల వాదములు జరిగినవి గాని, పళ్లెములో అన్నము పడలేదు.

బీదవిద్యార్థిని పోషించుట మనకు క్రొత్తవిద్య కాదు. ఒక తరము క్రిందటివరకు ప్రతి పట్టణమునను వారాలు చేసికొని చదివిన బాలురుండిరి. సోమవారము ప్లీడరుగారి యింట, మంగళవారము కరణముగారి యింట, ఇట్లు ఏడిండ్లలో ఏడుదినములు భోజనము చేసి బడికి పోయి పైకి వచ్చినవారెందరో కలరు. పటము లేదు, సంఖ్య లేదు, విరాళపు రసీదు లేదు. పెట్టుచేయి కంటికెదుట నుండెను. పిల్లవాడు చదువుచున్నాడో తిరుగుచున్నాడో ఆ యింటి తల్లికే తెలియుచుండెను. లాంగ్డన్ డేవీసు పుట్టకముందే మన తల్లులు స్పాన్సర్లు.

కాని సత్యమును పూర్తిగా చెప్పుకొందము. ఆ యేడిండ్ల పంక్తిలో మాలమాదిగల బిడ్డకు చోటు లేదు. యానాది బిడ్డ ఆ వీధిలో అడుగుపెట్టుటకే వెరచెను. వారము పెట్టిన యరుగులు వారికి మూసికొన్నవి. మిషను బడి తలుపు తెరచుకొన్నది. మన గడపవద్ద నిలుచుండి ఆకలితో వెనుదిరిగిన బిడ్డ వేరొకరి గడప నెక్కెనని ఇప్పుడు కోపగించుటకు మన కేమి మొగమున్నది? విదేశపు పోషకుడు మన యింటిలోనికి దొంగవలె వచ్చినవాడు కాడు. మనము ఖాళీగా విడిచిన పీటమీద వచ్చి కూర్చుండినాడు. అతనిని లేపవలెనన్న, ముందు ఆ పీటమీద మనము కూర్చుండవలెను.

అనంతపురము చరిత్రను చూడుడు. విన్సెంట్ ఫెర్రర్ బార్సిలోనాలో జన్మించి, జెసూటు సంఘసభ్యుడై మన దేశమునకు వచ్చెను. 1969లో అనంతపురము చేరెను. మరుసటి యేడు ఆ మతసంఘమును విడిచి, 2009లో మరణించువరకు ఆ కరవుసీమలోనే పనిచేసెను. స్పెయినులోని సామాన్యకుటుంబములు ఇచ్చటి బిడ్డలకు పోషకులై పంపిన సొమ్ముతో బడులు, ఇండ్లు, చెరువులు, బత్తలపల్లి ఆసుపత్రి వెలసినవి. బిడ్డ పేరున వచ్చిన సొమ్ము ఊరందరి మేలునకు పంచబడినది. 2025లో ఆ సంస్థ విదేశీవిరాళపు అనుమతి చిక్కున పడినప్పుడు, అనంతపురము జిల్లా జనులు పక్షభేదములేక యాందోళన పడిరి. ఆ యాందోళన ఫెర్రరుగారికి గౌరవము. మనకు మాత్రము హెచ్చరిక. బార్సిలోనాలోని దుకాణదారుడు చేయి వెనుకకు తీసికొన్న తెలుగుదేశపు జిల్లా తల్లడిల్లవలసినంతగా, ఏబది యేండ్లకు పైబడి మనము ఆ భారమును మోయనిచ్చితిమి.

మరి ఈ పరాధీనత నుండి బయటపడు దారి యేది? కొరియావారు చూపిరి. ఏ దేశపు అనాథలను చూచి స్వాన్సను కంపాషన్ సంస్థను స్థాపించెనో, ఆ దక్షిణకొరియా 1993లో ఇక మా బిడ్డలకు పరుల పోషణ యక్కరలేదను స్థితికి వచ్చెను. పదియేండ్లు గడచి 2003లో తానే అదే సంస్థలో పోషకదేశముగ చేరి, ఇతరదేశముల బిడ్డలకు సొమ్ము పంపసాగెను. 2019లో ఆ దేశపు కియా సంస్థ పెనుకొండకడ మోటారుబండ్ల కర్మాగారము తెరచి మన యువకులకు జీతములిచ్చినది. కొరియా పోషకులను తరిమివేయలేదు. తన బిడ్డలను చదివించి, వారిచేత కర్మాగారములు కట్టించి, పోషకుల యక్కర లేకుండ చేసికొన్నది. స్వాభిమానమనగా నది.

మనకు సాధనములు లేవా? ఉన్నవి. 2015 నాటి బాలల న్యాయచట్టము 45వ సెక్షనులో స్పాన్సరుషిప్పు అను పదమే యున్నది. మిషన్ వాత్సల్య పథకముక్రింద, తండ్రిని కోల్పోయిన బిడ్డకు, అనాథయై బంధువులకడ నున్న బిడ్డకు, తలిదండ్రులు ప్రాణాంతకరోగమున పడిన బిడ్డకు నెలకు రూ. 4,000 చొప్పున ఇచ్చుటకు ఏర్పాటున్నది. జిల్లా బాలల సంరక్షణ విభాగమునకు దరఖాస్తు పెట్టుకొనవలెను. అయితే కుటుంబాదాయము పల్లెలలో ఏటికి రూ. 72,000, పట్టణములలో రూ. 96,000 మించరాదను నిబంధన యున్నది. అనగా పల్లెలో నెలకు ఆరువేలు. వరదయ్యపాళెములోనో సత్యవేడులోనో భర్తను కోల్పోయి, కర్మాగారమున ఊడ్పుపనికి పోవు తల్లి అంతకంటె ఎక్కువ తెచ్చుకొన్నను, ఇంటియద్దె, మందులు పోగా బిడ్డ కాలేజీరుసుము కట్టజాలదు. చట్టము దృష్టిలో ఆమె బీదరాలు కాదు. ఈ పరిమితిని పెంచవలెనని మేము ప్రభుత్వమును కోరుచున్నాము.

ఇక శ్రీసిటీలోని కంపెనీలమాట. 2013 నాటి కంపెనీల చట్టము 135వ సెక్షను ప్రకారము, నిర్ణీతపరిమాణమును మించిన ప్రతి కంపెనీయు గడచిన మూడేండ్ల సగటు లాభములో నూటికి రెండువంతులు సమాజహితమునకు వ్యయపరుపవలెను. అందు తాను పనిచేయు ప్రాంతమునకు అగ్రస్థాన మీయవలెను. బడిగోడలకు రంగులు వేయించి, కంప్యూటర్లిచ్చి, పటములు దిగుటతో ఆ ఋణము తీరదు. చుట్టుపట్ల గ్రామములలో తండ్రిలేని బిడ్డ లెందరు, బడి మానిన బాలిక లెందరు అని పేరుపేరున లెక్క తీసి, పదవతరగతినుండి ఉద్యోగము వచ్చువరకు ఒక్కొక్కరిని పట్టుకొని నడిపించుటయే నిజమైన వ్యయము. నేల నిచ్చిన గ్రామమునకు అది భిక్ష కాదు, బాకీ.

దేవాలయముల కర్తవ్యము వేరుగ చెప్పనక్కరలేదు. తిరుపతిలో దేవస్థానమువారి శ్రీ వేంకటేశ్వర బాలమందిరము అనాథబిడ్డలను పెంచుచున్నది. అది మెచ్చదగిన పని. కాని ఏడుకొండలవాని హుండీలో పడు సొమ్మునకును, కొండక్రింది పల్లెలలో బడి మానుచున్న బిడ్డలకును నడుమ దూరము ఇంకను ఎక్కువగానే యున్నదని భక్తులే యొప్పుకొందురు.

తుదకు చదువరులతో ఒక మాట. ప్రభుత్వమును, కంపెనీలను, దేవస్థానమును తలంచి మనము చేతులు కట్టుకొని కూర్చుండవలదు. ఈ పత్రికను చదువు ప్రతి పఠనమందిరమునను పదిమంది నెలకు నాలుగువందల చొప్పున వేసికొన్న, ప్రభుత్వ మొక బిడ్డ కిచ్చు నాలుగువేలు సమకూరును. చట్టము చేయి అందని ఒక బిడ్డను ఎన్నుకొనుడు. కులము నడుగకుడు, ఏ గుడికి పోవునని యడుగకుడు, కృతజ్ఞతాపత్రము వ్రాయింపకుడు, పటము తీసి పదిమందికి పంచకుడు. సొమ్మును బడికి, పుస్తకములకు, భోజనమునకు సూటిగా చెల్లించి, లెక్కను మందిరపు గోడమీద వ్రేలాడదీయుడు. నెలకొకసారి పదిమందిలో ఒకరు ఆ యింటికి పోయి బిడ్డను చూచి రావలెను. సిడ్నీలోని పోషకుడు చేయజాలనిది ఇదియొక్కటియే. అతడు సొమ్ము పంపగలడు, ప్రార్థింపగలడు, ప్రేమతో జాబు వ్రాయగలడు. బిడ్డకు జ్వరము వచ్చినప్పుడు సాయంకాలము తలుపు తట్టజాలడు. మనము తట్టగలము.

ఎవరినో ఎరుగని యొక తెలుగుబిడ్డకొరకు తమ జీతములో కొంత విడిచిన ఆ పరదేశపు గృహిణులకు మనము కృతజ్ఞులము. అందు సిగ్గుపడవలసిన దేదియు లేదు. వారి చేయి ఖాళీచేసిన చోట మన చేయి కానరాకపోవుటయే సిగ్గు. ఈ సారి వారాల పంక్తిలో ఏడిండ్లవారును ఏ బిడ్డకైనను తలుపు తీయుదురుగాక! నాడు శ్రీసిటీనుండి ఓడకెక్కు రైలుపెట్టెను చూచి మనము గర్వించుటకు పూర్తి యర్హత గలవారమగుదుము.